పరగడుపు చుక్క

ముందుగా వినిపించింది చెంచా చప్పుడు. ఇంకా వెలుగు చొరబడని వంటింట్లోంచి, గాజుగ్లాసు గోడలను తాకుతూ, టింగు టింగుమంటూ, పంచదార కరిగేదాకా తిరిగే చెంచా చప్పుడు. అది చెవిన పడ్డాకే గుమాస్తాగారు కళ్ళు తెరుస్తారు. కళ్ళు తెరిచాక చెయ్యి చాస్తారు. చాచిన చేతిలోకి టీ గ్లాసు వస్తుంది. పెళ్ళయిన నాటి నుంచి ఆ ఇంట్లో తెల్లవారడమంటే ఇదే. ఇచ్చినట్టు ఆవిడకు తెలియదు, తాగినట్టు ఆయనకు తెలియదు. అలవాటు చేసే పనికి మనుషులతో అవసరం లేదు.

ఆనాడూ అలాగే జరిగింది. చివరి గుక్క గొంతు దిగింది. ఖాళీ గ్లాసును కిటికీ గూట్లో పెట్టబోతూ, ముందురోజు అక్కడ పదిలంగా దాచుకున్న కాగితపు సంచీని చూశారు గుమాస్తాగారు. మరుక్షణం ఇల్లు అదిరింది.

"ఏమోయ్! కొంప ముంచావోయ్!"

"మళ్ళీ ఏమయింది?" వంటింట్లోంచి గొంతు వచ్చింది, మనిషి రాలేదు. రావాలంటే ఒక కాలి మీద బరువు మోపకుండా రావాలి. చిటికెనవేలి పక్కన చెప్పు కరిచిన పుండు మానడం మానేసి చాలా రోజులయింది.

"ఇవాళ పరగడుపున రక్తం తియ్యాలి కదా! టీ ఎందుకిచ్చావు?"

"మీరెందుకు తాగారు?"

"అలవాటుగా తాగాను!"

"నేనూ అలవాటుగానే ఇచ్చాను. చెల్లుకు చెల్లు."

"చెల్లుకు చెల్లా! ఇన్నేళ్ళ రికార్డు గ్లాసులో కరిగిపోయింది కదే! కాస్త పంచదారైనా తగ్గించి వెయ్యకూడదూ?"

"తగ్గించిన రోజున గ్లాసు వెనక్కి పంపలేదూ?"

ఆ సంచీ సంగతి కొంత చెప్పాలి. రక్తపోటు, చక్కెర జబ్బు, గుండెపోటు ఎవరికి వస్తాయి, ఎవరిని వదిలిపెడతాయి, వచ్చేముందు ఒంట్లోనూ ఇంట్లోనూ ఏ జాడలు చూపిస్తాయి అన్నది తేల్చడానికి ఒక పరిశోధన కేంద్రం ఇరవై ఏళ్ళ కిందట ఆ పేటలో ఇంటికొకరిని చీటీ వేసి ఎంచుకుంది. ఆరోగ్యంగా ఉన్నవారినే ఎంచుకుంది, వాళ్ళ ఆరోగ్యం సంగతి తేలేదాకా వదిలిపెట్టనంది. కొన్నేళ్ళకొక విడత చొప్పున మనుషులు వచ్చి నడుము కొలుస్తారు, రక్తపోటు చూస్తారు, ఉప్పెంత, నూనెంత, నిద్రెంత, దిగులెంత అని అడుగుతారు, కాస్త రక్తం పుచ్చుకొని వెళతారు. ఆ ఇంట్లో చీటీ గుమాస్తాగారికి వచ్చింది. ఆవిడకు రాలేదు. రాకపోయినా ఉప్పెంత, నూనెంత అన్న ప్రశ్నలకు జవాబు చెప్పేది ఆవిడే. ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో ఆయనకు తెలియదు.

గుమాస్తాగారు ఉద్యోగమంతా ఒక కాలేజీలో పరీక్షల విభాగాన్ని నడిపి రిటైరయ్యారు. కనుక లోకంలో జరిగే ప్రతిదీ ఆయనకు పరీక్షే. మొదటి విడతలో రక్తపోటు చూడగానే, "నూటికెంత?" అని అడిగారు. "దీనికి మార్కులుండవు బాబాయిగారూ, ఎంత తక్కువొస్తే అంత మంచిది," అని చెప్పింది కొలిచే ఆవిడ. తక్కువ వస్తే మంచిదన్న పరీక్షను ఆయన అంతకుముందు చూడలేదు. అయినా పరీక్ష పరీక్షే అని సర్దుకున్నారు. ఆ కొలిచే ఆవిడను పేటంతా టేపమ్మ అంటుంది. ఇన్నేళ్ళుగా ఇన్ని నడుములు చుట్టినా ఆమె మెడలోని టేపు అరగలేదు. ఆమె అరిగింది.

ఈ విడతలో పద్ధతి మారింది. టేపమ్మ ముందురోజే సంచీ ఇచ్చి పోతుంది. అందులో ఒక చిన్న సూది, కాస్త దూది, గుండ్రటి గీత గీసిన ఒక అట్టముక్క ఉంటాయి. పొద్దున్నే ఎవరి వేలు వాళ్ళు గుచ్చుకొని, ఆ గీత లోపల రక్తం అద్ది ఆరబెడితే, టేపమ్మ వచ్చి తీసుకుపోతుంది. ఇదంతా ఒక ఎత్తు. త్వరలో కేంద్రంలో జరగబోయే ఇరవయ్యేళ్ళ సభ ఒక్కటీ ఒక ఎత్తు. ఒక్క విడతా తప్పనివారిని వేదిక మీద కూర్చోబెడతారట. పేట మొత్తం మీద అటువంటివారు ఇద్దరే మిగిలారు. ఒకరు గుమాస్తాగారు. రెండోవారు పక్కింటి బస్సు డ్రైవరుగారు. ఒకరికి జ్వరమొచ్చి విడత తప్పితే బాగుండునని ఒకరు ఇన్నాళ్ళూ మర్యాదగా ఎదురుచూశారు.

ఒక విద్యార్థికి బదులు మరొకడు వచ్చి కూర్చుంటే, ఫోటోనూ మొహాన్నీ పక్కపక్కన పెట్టి చూసి, చెవి పట్టుకొని బయటకు నడిపించిన మనిషి గుమాస్తాగారు. అటువంటి మనిషి చూపు మెల్లగా కిటికీ గూటి నుంచి దిగి, వంటింటి గుమ్మం దాటి, భార్య చేతి వేళ్ళ మీద వాలింది.

"ఏమోయ్, నువ్వింకా ఏమీ తాగలేదు కదూ?" గొంతులో పంచదార రెండు చెంచాలు ఎక్కువే పడింది.

"మీకంటే ముందు నేనెప్పుడు తాగాను?"

"అయితే ఇలా రా. వేలు చూపించు."

ఆవిడకు అర్థమయింది. "తప్పు కదండీ? టీ తాగానని టేపమ్మతో చెప్పేస్తే పోలా?"

"చెబితే ఈ విడత తప్పినట్టే. వేదిక మీద ఆ డ్రైవరొక్కడే కూర్చుంటాడు. అది నువ్వు చూడగలవా?"

"చూడగలను," అంది ఆవిడ నిజాయితీగా.

"అది కాదోయ్. ఇద్దరం ఒకే ఉప్పు తింటున్నాం, ఒకే నూనె తింటున్నాం, ఒకే కప్పు కింద పడుకుంటున్నాం. రక్తంలో మాత్రం తేడా ఎలా వస్తుంది?"

ఆ వాదానికి జవాబుంది. కానీ జవాబు చెప్పాలంటే నిలబడాలి, ఆవిడకేమో కూర్చోవాలని ఉంది. ఈమధ్య పొద్దున లేస్తూనే సాయంత్రమయినట్టు ఉంటోంది ఆవిడకు. "కానివ్వండి, అవతల పాలు పొంగుతాయి," అంటూ ఎడమచెయ్యి చాపింది.

గుమాస్తాగారు శాస్త్రోక్తంగా దూదితో వేలు తుడిచారు. "కళ్ళు మూసుకో," అన్నారు. ఆవిడ మూసుకోలేదు, ఆయన మూసుకున్నారు. సూది దిగింది. ఎర్రటి చుక్క ఉబికి, అట్ట మీద గీత నిండా నింపాదిగా పరుచుకుంది. ఆవిడ వేలు నోట్లో పెట్టుకొని లోపలికి వెళ్ళి, గటగటా రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగి, పాలు దింపింది.

టేపమ్మ వచ్చేసరికి అట్ట ఆరింది. "పరగడుపునే తీశాను, రాసుకో," అన్నారు గుమాస్తాగారు, అడగకముందే. టేపమ్మ ఏదో చెప్పబోయింది, మధ్యలో ఆవలింత అడ్డొచ్చింది. ఇంకా ఎక్కాల్సిన గడపలు గుర్తొచ్చి, అట్టను కవరులో వేసుకొని మెట్లు దిగింది.

చిలికి చిలికి గాలివాన అయిందంటారు. ఇక్కడ చిలికింది ఒక్క చుక్క.

కొన్నాళ్ళకు టేపమ్మ మళ్ళీ వచ్చింది. వరండాలో గుమాస్తాగారూ డ్రైవరుగారూ చదరంగం ఆడుకుంటున్నారు. టేపమ్మ మెడలో టేపు లేదు, మొహంలో రక్తం లేదు.

"బాబాయిగారూ, కాస్త లోపలికెళ్ళి మాట్లాడుకుందామా?"

"లోపలికెందుకు? ఇక్కడే చెప్పు. మన మార్కులు డ్రైవరుగారు కూడా వింటారు."

"బాగా ఎక్కువొచ్చాయండీ."

"ఎంత ఎక్కువ?" గుమాస్తాగారి గొంతులో ఇంకా గర్వమే ఉంది.

"నేను పరుగెత్తుకొచ్చేటంత. చక్కెర, బాబాయిగారూ. ప్రమాదం గీత దాటితే ఆ రోజే ఇంటికెళ్ళి చెప్పాలని మా నియమం. మీది దాటి చాలా దూరం పోయింది."

డ్రైవరుగారు లేచి ఆయన భుజాలు పట్టుకున్నారు. "కూర్చోండి గుమాస్తాగారూ, ముందు మీరు కూర్చోండి!"

"కూర్చునే ఉన్నానయ్యా!"

టేపమ్మ ప్రశ్నలు మొదలుపెట్టింది. దాహం ఎక్కువగా వేస్తోందా? రాత్రిళ్ళు మాటిమాటికీ లేస్తున్నారా? చూపు మసకగా ఉంటోందా? అరికాళ్ళు మంటలా? పుండు పడితే మానడం లేదా? ఊరికే నీరసమా? ఒక్కొక్క ప్రశ్నా వినగానే గుమాస్తాగారికి ఆ బాధ ఒంట్లో ఎక్కడో ఒకచోట దొరికింది. దొరకని పుండు కోసం మాత్రం మోచేయి తిప్పి తిప్పి చూసుకున్నారు. గుమ్మంలో మంచినీళ్ళ గ్లాసుతో నిలబడ్డ ఆవిడ తల ప్రతి ప్రశ్నకూ కొద్దికొద్దిగా ఊగింది. అటువైపు ఎవరూ చూడలేదు. ప్రశ్నలు ఆవిడవి కావు.

"ఏమండీ," అంది ఆవిడ, "ఆ అట్ట మీద..."

"నువ్వు ఊరుకో!" అని కసిరారు గుమాస్తాగారు. డ్రైవరు ముందు అట్ట ఊసెత్తితే ఇంకేమైనా ఉందా!

అంటే అప్పటిదాకా ఆయనకు అసలు సంగతి గుర్తుంది. కానీ డ్రైవరుగారు ఆయన చెయ్యి తన చేతుల్లోకి తీసుకొని, "మీకిలా జరగాల్సింది కాదండీ, మీవంటి నిష్ఠాపరుడు మరొకరుండరు," అంటూ కళ్ళు తుడుచుకునేసరికి, గుమాస్తాగారికి తన మీద తనకే జాలి పుట్టింది. జాలి వచ్చి కూర్చుంటే జ్ఞాపకం లేచి వెళ్ళిపోతుంది. పొద్దు వాలేసరికి ఆయన అరికాళ్ళు నిజంగానే మండుతున్నాయి. దుప్పటి కప్పుకొని మంచం ఎక్కారు.

ఆవిడ మంచం పక్కకు వచ్చింది. "ఏమండీ, ఆ రక్తం..."

"రక్తం మాట ఎత్తకే తల్లీ, కళ్ళు తిరుగుతున్నాయి."

ఆవిడకు అర్థం కాలేదని కాదు. గిన్నెలు తోముతుండగానే అర్థమయింది. దాహం తనది, మంట తనది, మసక తనది. ఆయనది మంచం ఒక్కటే. అర్థమయ్యాక చేతిలో గిన్నె కాసేపు అలాగే ఉండిపోయింది. తరువాత అదీ తోమింది. జబ్బు నాదని చెప్పాలంటే ముందు వినేవారుండాలి. విన్నాక చూసేవారుండాలి. ఆ ఇంట్లో రోగిగా పడుకోవడానికి ఉన్నది ఒకటే మంచం, దాని మీద ఆయన ఉన్నారు. ఆయన లేచాక చెబుదాంలే అనుకుంది. ఆయన లేచేలోగా ఆడపడుచు దిగింది.

"అన్నయ్యా! ఇంత జరిగితే నాకొక్క మాట చెప్పలేదేం?" గుమ్మంలోనే బావురుమంది ఆడపడుచు.

"జరిగి ఒక్క పూటేనమ్మా. ఇంకా నాకే సరిగ్గా తెలియదు."

"వదినా, ముందు ఆ పంచదార డబ్బా ఇటు తే. బిస్కెట్లు, జాము, కేకు... ఇంట్లో ఏదుంటే అది! అన్నయ్య కంటికి తీపి కనబడకూడదు!"

డబ్బాలన్నీ బల్ల మీదికి వచ్చాయి. వాటిని ఏం చేయాలన్నది ప్రశ్న. ఆడపడుచు దుబారా మనిషి కాదు. "పారేస్తే పాపం. వదినా, నువ్వు తినేసెయ్యి. నీకేం, గట్టి పిండానివి."

"నాకొద్దమ్మా. అసలు నేను కూడా..."

"మొహమాటపడకు వదినా! ఇది మన ఇల్లు!"

ఇల్లు ఎవరిదైతేనేం, ఆనాటి నుంచి ఆ ఇంట్లో తీపికి దారి మారింది. పరామర్శకు వచ్చినవాళ్ళు పళ్ళ బుట్టలు తెచ్చారు. రోగి తినకూడదు, కుళ్ళిపోతే ఊరుకోలేరు, ఆవిడ ముందు పెట్టారు. అలవాటు కొద్దీ పంచదార వేసి కలిపిన టీ రోగి దగ్గరకు వెళ్ళి, మందలింపుతో వెనక్కి తిరిగి, ఆవిడ గొంతు దిగింది. వద్దన్నప్పుడల్లా "మొహమాటం" అన్నారు. వద్దు అనడానికి కూడా ఓపిక కావాలి. పొద్దుటికి ఉన్న ఓపిక మధ్యాహ్నానికి ఉండేది కాదు. ఎవరి దగ్గరకు పోకూడదో కనుక్కొని మరీ వారి దగ్గరకే పోయింది తీపి.

గుమాస్తాగారు ఇక దీన్ని సప్లిమెంటరీ పరీక్షలా పట్టారు. వేకువనే నడక, పగలు ఆకుల చేదు రసం, ఉప్పు లేని కూర, ఊపిరి బిగపట్టే వ్యాయామం. రోగికి ఒక వంట, రోగిని చూడవచ్చిన ఆడపడుచుకు ఒక వంట, వచ్చేపోయేవారికి టీలు. నడకలో దాహమేస్తే ఇవ్వడానికి ఆవిడ సీసా పట్టుకొని ఆయన వెనకే కుంటుతూ నడిచేది. ఇల్లు చేరేసరికి సీసా ఖాళీగా ఉండేది. అందులో ఆయన ఒక్క గుక్కయినా తాగేవారు కాదు.

"చూశావా?" అన్నారొకనాడు ఉత్సాహంగా. "నా దాహం తగ్గిపోయింది!"

డ్రైవరుగారు భయంతో సిగరెట్లు మానేశారు. ఎదురింటివాళ్ళు వేపుళ్ళు మానేశారు. వీధి వీధంతా తెల్లవారుజామున చేతులూపుకుంటూ నడవసాగింది. అది చూసి టేపమ్మ కళవళపడింది. "అందరూ ఒక్కసారే మంచివాళ్ళయిపోతే మా పరిశోధన ఏం కావాలి బాబాయిగారూ? అలవాట్లు రాసుకుని ఇంకా నెల కాలేదు. మళ్ళీ రాయాలి."

ఆ సందట్లో ఆడపడుచు మాత్రం ఒక సంగతి కనిపెట్టింది. "అన్నయ్యా, వదినని చూశావా? జాకెట్టు భుజాల మీంచి జారిపోతోంది. పాపం, నీ మీద బెంగే!"

గుమాస్తాగారు కరిగిపోయారు. "పిచ్చిది," అన్నారు ప్రేమగా.

"బెంగ కాదమ్మా," అంది ఆవిడ, కుర్చీ పట్టుకొని కూర్చుంటూ. "నా మాట వినండి ఒక్కసారి. ఆ సూది గుచ్చిన రోజు..."

"నాకు తెలుసులే వదినా. నీ మనసు నాకు తెలియదూ? ఏడవకు."

"నేనేడవడం లేదు. కళ్ళు మసకగా ఉన్నాయి, అంతే."

"ఏడవడమంటే అదేగా!" అంటూ ఆడపడుచు వదినను గట్టిగా హత్తుకొని, తానే ఏడ్చింది.

ఇంతలో కేంద్రంవారు గుమాస్తాగారిని పిలిపించి, ఈసారి చేతి నరం నుంచి నేరుగా రక్తం తీశారు. ఫలితం వచ్చింది. చక్కెర లేదు. లేకపోవడమంటే మామూలు లేకపోవడం కాదు, కుర్రవాళ్ళకు కూడా ఉండనంత చక్కగా లేదు. గుమాస్తాగారు ఆ కాగితాన్ని వీధంతా తిప్పారు. "పట్టుదల! కొన్నాళ్ళ పట్టుదల! ఇక జబ్బు నా జోలికి రాదు!" డ్రైవరుగారు చూసి, చదివి, మడిచి, తిరిగి ఇచ్చి, మూడు రోజులు చదరంగానికి రాలేదు. కేంద్రాన్ని నడిపే పెద్ద డాక్టరమ్మ స్వయంగా కబురు పంపింది, సభకు తప్పకుండా రండి, వేదిక మీద మీతో మాట్లాడాలి అని. మాట్లాడాలి అన్న మాటను గుమాస్తాగారు సన్మానం అని చదువుకున్నారు.

సభకు ఆవిడ కూడా వచ్చింది. ఇంట్లో పడుకుంటానంటే ఆడపడుచు ఒప్పుకోలేదు. "అన్నయ్య గొప్పదనం నువ్వు చూడకపోతే ఎవరు చూస్తారు వదినా?" అని చెయ్యి పట్టుకొని తెచ్చి, ముందు వరుసలో కూర్చోబెట్టింది. ఒళ్ళో సంచీ, సంచీలో నీళ్ళ సీసా. హాలు నిండా ఆ పేటవాళ్ళే. ఇరవై ఏళ్ళుగా తమ నడుములూ నాడులూ అప్పగించినవాళ్ళు, వాళ్ళ వెంట వచ్చిన భార్యలూ భర్తలూ. వేదిక మీద ఒక కుర్చీలో డ్రైవరుగారు మూతి ముడుచుకొని కూర్చున్నారు. పక్క కుర్చీలో గుమాస్తాగారు ఇస్త్రీ చొక్కాలో కూర్చున్నారు.

పెద్ద డాక్టరమ్మ నిద్ర చాలని మనిషిలా ఉంది. చేతిలో రెండు కాగితాలున్నాయి. "ఈ రెండు పరీక్షలూ ఒకే మనిషివైతే, ఇది అద్భుతం," అంది మైకులో. హాలంతా చప్పట్లు కొట్టింది. ఆమె చెయ్యెత్తి ఆపింది. "అద్భుతాలంటే నాకు భయమండీ. నా ఉద్యోగంలో అద్భుతమంటే ఎక్కడో తప్పు జరిగిందని. గుమాస్తాగారూ, ఆ రోజు అట్ట మీద చుక్క ఎలా తీశారో ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మేం ఎక్కడ పొరపడ్డామో తెలుస్తుంది, మిగతావాళ్ళూ నేర్చుకుంటారు."

మైకు చేతికి వచ్చింది. తీగ లేని మైకు, ఎటు కావాలంటే అటు నడవవచ్చు. గుమాస్తాగారు లేచి నిలబడ్డారు. మొదట క్రమశిక్షణ గురించి చెప్పారు. తరువాత చేదు రసం గురించి చెప్పారు. డాక్టరమ్మ, "చుక్క గురించి," అని గుర్తుచేసింది.

"వస్తున్నా, అక్కడికే వస్తున్నా. ఆ పొద్దున, నియమం ప్రకారం, పరగడుపున..."

"పరగడుపెందుకండీ?" అంది డాక్టరమ్మ. "ఈ అట్ట చూసేది గడిచిన మూడు నెలల చక్కెర. పొద్దున తాగిన టీ దాన్నేమీ చెయ్యదు. పాత నియమం తీసేశాం. సంచీ మీద రాసే ఉంది కదా, టీ తాగవచ్చని?"

హాలు గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వినవారు డ్రైవరుగారు. ప్రశ్నపత్రం పైన ఉన్న సూచనలు ముందు చదువుకోండి అని ఉద్యోగమంతా అరిచిన గుమాస్తాగారి చెవులు కందిపోయాయి. ఆ కంగారులో, పరువు నిలబెట్టుకోవాలన్న తొందరలో, జరిగింది జరిగినట్టు, పూసగుచ్చినట్టు చెప్పుకుపోయారు.

"సరే, టీ సంగతి వదిలేయండి. తీయడంలో మాత్రం తప్పు లేదు. ఎడమచెయ్యి, ఉంగరపువేలు. దూదితో తుడిచాను. వేలు చల్లగా ఉంది. గాజులు పైకి తోశాను. కళ్ళు మూసుకోమని చెప్పి..."

"గాజులా బాబాయిగారూ?" అంది టేపమ్మ, మెట్ల దగ్గర నుంచి.

గుమాస్తాగారు తన ఎడమచెయ్యి ఎత్తి చూసుకున్నారు. గాజులు లేవు. హాలులో నవ్వు మొదలయింది గాని, ఆయన మొహం చూసి మధ్యలోనే ఆగిపోయింది.

ఒకరికి బదులు ఒకరు రాస్తే మొహం చూసి పట్టేసేవారాయన. ఈసారి మొహం చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్కటీ వరసగా వచ్చి నిలబడ్డాయి. నడక నుంచి రోజూ ఖాళీగా తిరిగివచ్చిన సీసా. భుజం మీంచి జారిన జాకెట్టు. ఏడవకుండానే మసకబారిన కళ్ళు. ఆ మాట, ఎన్నిసార్లో మొదలుపెట్టి, ఒక్కసారీ పూర్తికాని ఆ మాట. నోటికి మైకు అడ్డంగా ఉందన్న సంగతి మరచి, "అమ్మో," అన్నారు. హాలు నాలుగు గోడలూ అమ్మో అన్నాయి.

డాక్టరమ్మ అప్పటికే లేచింది. "ఆ రక్తం ఎవరిది?"

"మా... మా ఇంటావిడది."

"ఆవిడ ఎక్కడ? ఆ చక్కెరతో ఇన్నాళ్ళు మందు లేకుండా ఉందా ఆవిడ? ఎక్కడున్నారండీ?"

ముందు వరుసలో ఆడపడుచు నోరు తెరుచుకొని కూర్చుంది. ఆమె పక్క కుర్చీలో సంచీ ఉంది, మనిషి లేదు. "వదిన... మంచినీళ్ళకని వెళ్ళింది అన్నయ్యా. ఇందాక కూడా వెళ్ళింది. అంతకుముందూ వెళ్ళింది." తాను ఆవిడ చేత తినిపించిన కేకు ముక్కలు గుర్తొచ్చాయేమో, ఆ సంచీని తన ఒళ్ళోకి లాక్కుంది.

గుమాస్తాగారు వేదిక దిగారు. మెట్లు ఉన్నవైపు కాదు, లేనివైపు. డ్రైవరుగారు కుర్చీలోంచి లేచి, "జాగ్రత్త బావా," అంటూ చెయ్యి అందించారు. ఇన్నేళ్ళ పరిచయంలో ఎప్పుడూ లేని వరస ఆ క్షణంలో ఎక్కడి నుంచో కలిసింది. నడవ నిండా జనం. ఆ చివరన, మంచినీళ్ళ కుళాయి దగ్గర, ఆడవాళ్ళ గుంపు.

"ఏమోయ్!" అని కేక వేశారు గుమాస్తాగారు.

గుంపులో నలుగురు భార్యలు గిరుక్కున వెనక్కి తిరిగారు. ఒకావిడ, "ఆఁ, వస్తున్నా," అని కూడా అంది. గోడకు నుదురు ఆనించి, చేతిలో గ్లాసుతో నిలబడ్డ ఐదో ఆవిడ మాత్రం తిరగలేదు. ఏమోయ్ అంటే ఏదో ఒకటి తెచ్చి ఇవ్వాలి. ఆవిడ దగ్గర ఇవ్వడానికి ఇంకేమీ మిగల్లేదు.

మైకు ఇంకా తన చేతిలోనే ఉందని ఆయనకు తెలియదు. ఇరవై ఏళ్ళ పరిశోధనలో ఎక్కడా నమోదుకాని ఆ పేరు, అదే కేంద్రం లౌడుస్పీకర్లలోంచి, హాలు కిటికీలు గలగలలాడేటట్టు వినిపించింది.

"మందాకినీ!"